లాగే పిల్లగుర్రానికి ఏ హాల్టరు?

ప్రశ్న: చేవెళ్ళ దగ్గర మాకు నాలుగెకరాల తోట ఉంది. గత డిసెంబరులో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతలో ఒక మార్వారీ జాతి మగ గుర్రప్పిల్లను కొన్నాం. ఈమధ్యే రెండేళ్ళు నిండాయి. మచ్చిక బాగానే ఉంది. ఒళ్ళు తోమనిస్తుంది, కాళ్ళు ఎత్తనిస్తుంది. లాయం నుంచి బయటికి నడిపించేటప్పుడే గొడవంతా. మామూలు నైలాన్ పట్టీ హాల్టరు (నోట్లో ఇనుము లేకుండా తలకు తొడిగేది) వేసి పట్టుకుంటే భుజంతో నెట్టుకుంటూ ముందుకు లాక్కుపోతోంది. తాడు జారి అరచెయ్యి కాలింది కూడా. ముక్కు మీదుగా గొలుసు వెయ్యమని ఒకరు, ముళ్ళ కళ్ళెం తప్ప దారి లేదని ఒకరు, ముడుల తాడు హాల్టరు కొనమని మరొకరు చెబుతున్నారు. ఏది కొనాలి? ఇప్పుడున్నది పారేయాలా?

సమాధానం: ముందు కొనాల్సినవి చెబుతాను, కారణాలు తర్వాత. 7 మిల్లీమీటర్ల పాలియెస్టర్ అల్లికతాడుతో చేసిన, ముక్కు మీద అదనపు ముడులు లేని తాడు హాల్టరు ఒకటి తీసుకోండి. దానికి 3.6 నుంచి 4 మీటర్ల పొడవు, 14 మిల్లీమీటర్ల మందం ఉన్న లీడ్ రోపు, అంటే పట్టుకుని నడిపించే తాడు ఒకటి. తోలు చేతి తొడుగులు ఒక జత. ఇవి చాలు. గొలుసు వద్దు. ముళ్ళ కళ్ళెం అసలే వద్దు.

అయితే ఏ హాల్టరూ గుర్రాన్ని ఆపలేదు. మీ పిల్ల ఇప్పుడు మూడొందల కిలోలకు అటూఇటూ ఉంటుంది. ఆ బరువు ముందు మన చేతి బలం లెక్కలోకి రాదు. మన చేతి కదలికను దాని తలకు అందించడం వరకే హాల్టరు పని. ఆ కబురు దానికి అర్థం కావాలంటే ఒత్తిడి ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో రెండూ తేటగా తెలియాలి. ముఖ్యంగా ఆగడం తెలియాలి, ఎందుకంటే గుర్రం నేర్చుకునేది ఆ క్షణంలోనే. ఒత్తిడికి ఎదురు తొయ్యడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఒదిగితే హాయిగా ఉంటుందన్నది మాత్రం మనం నేర్పితేనే వస్తుంది.

మీ నైలాన్ పట్టీతో వచ్చిన చిక్కు ఇదే. 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ ముఖానికి మెత్తగా ఆనుతుంది. ఎద్దు కాడికి మెడ ఆనించి బండి లాగినట్టు, గుర్రం దాని మీద వాలి మిమ్మల్ని లాగేస్తుంది. పైగా గడ్డం కింద ఒకే రింగు ఉంటుంది కాబట్టి మీరు పక్కకు లాగినప్పుడు హాల్టరు మొత్తం తిరిగిపోయి అవతలి చెంప పట్టీ కంటి దగ్గరికి వస్తుంది. కబురు ముక్కుకు చేరేసరికి అడ్డదిడ్డంగా తయారవుతుంది. మీరు రోజంతా తాడు బిగించి పట్టుకుంటారు, అది రోజంతా వాలుతుంది. కొన్నాళ్ళకు ఆ బిగువే దానికి మామూలు స్థితి అయిపోతుంది.

తాడు హాల్టరు ఇక్కడ పనికొస్తుంది. వదులుగా ఉన్నప్పుడు ముఖం మీద దాదాపు బరువే ఉండదు, బిగిసినప్పుడు వెంటనే తెలుస్తుంది. కానీ అది మెత్తని వస్తువని భ్రమపడకండి. అదే లాగుడు 25 మిల్లీమీటర్ల పట్టీకి బదులు 6 మిల్లీమీటర్ల తాడు మీద పడితే చర్మం మీద ఒత్తిడి సుమారు నాలుగింతలవుతుంది. తాడు ఎంత సన్నగా, ఎంత బిరుసుగా ఉంటే అంత కటువు. ఆన్‌లైన్‌లో కనిపించే 4, 5 మిల్లీమీటర్ల గట్టి తాళ్ళు రెండేళ్ళ పిల్లకు ఎక్కువ. ముక్కు మీద రెండో నాలుగో ముడులు వేసి అమ్మేవి కూడా ఉంటాయి. ఆ ముడులు ఒత్తిడినంతా ముక్కెముక మీద కొద్ది చుక్కల్లోనే గుచ్చుతాయి. గుర్రం చిన్నది, నేర్పేవారూ కొత్త అయినప్పుడు వాటితో చిన్న పొరపాటు చేసినా గుర్రానికి గట్టిగా నొప్పి పెడుతుంది. మీకు అవి అక్కర్లేదు.

తాడు రకం కూడా చూసుకోవాలి. లోపల దారాల గుండె, పైన అల్లిన తొడుగు ఉన్న పాలియెస్టర్ తాడు మంచిది. సాగదు, తడిసినా ముడి బిర్రబిగుసుకోదు. కొండలెక్కేవారి సామాన్లలో యాక్సెసరీ కార్డ్ అని దొరికేది ఎక్కువగా నైలాన్‌దే, కాబట్టి పాలియెస్టరేనా అని అడిగి కొనండి. ఒక హాల్టరు కట్టడానికి సుమారు 7 మీటర్లు పడుతుంది. నైలాన్ సాగుతుంది. సాగే తాడు వదిలిన క్షణాన్ని మొద్దుబారుస్తుంది, కాబట్టి నేర్పేందుకు అంత బాగుండదు. నూలు తాడు చెమటకు ఉబ్బి ముడులు ఊడిరావు. కొబ్బరి తాడు చర్మాన్ని గీరేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే నీలం ప్లాస్టిక్ తాడును గుర్రం దగ్గరికే తీసుకురాకండి. మీ చెయ్యి కాలింది అలాంటి తాడుతోనే అయితే ఆశ్చర్యం లేదు.

లీడ్ రోపు చివర బరువైన ఇత్తడి కొక్కెం ఉంటే నడిచిన ప్రతి అడుగుకూ అది దవడకు కొట్టుకుంటూ, అర్థం లేని కబుర్లు పంపుతూ ఉంటుంది. తాడు హాల్టరు కింద ఉండే లూపుకు లీడ్ రోపును ముడితోనే తగిలించండి. పొడవు 3.6 మీటర్లకు తక్కువైతే గుర్రం ఒక్కసారి పక్కకు దూకినా మీకు వదిలే తాడు మిగలదు. రెండు మీటర్ల తాడుతో బలమైన పిల్లను నడిపించడం వల్లే చాలామంది కాలి కింద పడతారు.

ఇక మీకు చెప్పిన మిగతా వాటి సంగతి. గొలుసును సాధారణంగా ఎడమ రింగులోంచి తీసి, ముక్కుపట్టీకి ఒక చుట్టు తిప్పి, కుడి రింగులోంచి పైకి, కుడి చెంప మీది రింగుకు తగిలిస్తారు. రేసు గుర్రాల దగ్గర, పోతుగుర్రాల దగ్గర నైపుణ్యం ఉన్నవాళ్ళు దాన్ని వాడతారు. వాళ్ళ చేతిలో అది ఎప్పుడూ వదులుగానే వేలాడుతుంది, అవసరమైనప్పుడు ఒక్క క్షణం తగిలి మళ్ళీ వదులవుతుంది. మీ పిల్లకు ఇంకా ఒదగడమే రాదు. అలాంటి గుర్రం గొలుసు బిగిస్తే భయంతో తల పైకెత్తి ముంగాళ్ళు లేపుతుంది. గొలుసును గడ్డం కిందుగా వేస్తే ఇంకా ప్రమాదం, అది సూటిగా తలను పైకి తోస్తుంది. ఇప్పుడు లాగడం ఒక్కటే సమస్య. ముంగాళ్ళు లేపడం నేర్చుకుంటే రెండు సమస్యలవుతాయి, రెండోది మనుషుల తలలు పగలగొడుతుంది.

ముళ్ళ కళ్ళెం గురించి చర్చే లేదు. నాలుక, దవడ అంచు మీద పలచటి పొర తప్ప రక్షణ ఉండదు. ముళ్ళు అక్కడ పుళ్ళు చేస్తాయి, పుళ్ళు మాని మొద్దుబారుతాయి, ఆ తర్వాత మామూలు కళ్ళెం గుర్రానికి పనికిరాకుండా పోతుంది. బండి లాగే, బరువు మోసే జంతువుల విషయంలో 1965 నాటి క్రూరత్వ నిరోధక నియమాలు ముళ్ళున్న కళ్ళేలను, పరికరాలను నిషేధించాయి. సంతల్లో ఇంకా అమ్ముతున్నారంటే అది చట్టం లేక కాదు. ఈ వయసులో నడిపించడానికి మామూలు కళ్ళెం కూడా వద్దు. రెండున్నరేళ్ళ దగ్గర ముందు పాలపళ్ళు ఊడటం మొదలవుతుంది, లోపల దవడ పళ్ళ మీది పాలపెంకులూ అప్పుడే కదులుతాయి. నోరు నొప్పిగా ఉన్నప్పుడు నోట్లో ఇనుము పెడితే దానికి కళ్ళెమంటేనే అసహ్యం పుడుతుంది.

బిగిస్తే కుదించుకుని, వదిలితే సడలే ట్రైనింగ్ హాల్టర్లు ఇంకో రకం. అమెరికా శిక్షకుడు మాంటీ రాబర్ట్స్ రూపొందించిన డ్యూలీ హాల్టరు వీటిలో బాగా తెలిసినది. ముక్కు మీద ఒక పట్టీ, దానితోపాటు రెండు పక్కలా రింగుల గుండా జారే తాడు ఉంటాయి. పక్క రింగుకు లీడ్ రోపు తగిలిస్తే ట్రైనింగ్ హాల్టరు, గడ్డం కింది రింగుకు తగిలిస్తే మామూలు హాల్టరు. వస్తువు మంచిదే. అయితే పక్క రింగులతో గుర్రాన్ని గుంజకు కట్టేస్తే అది వెనక్కు గుంజుకున్న కొద్దీ ముక్కు బిగిసి బెదిరిపోతుంది. నకిలీ సరుకులో జారాల్సిన తాడు జారదు, బిగిసింది బిగిసినట్టే ఉంటుంది. కొనేముందు చేత్తో బిగించి వదలండి. దానంతటదే సడలకపోతే అది నేర్పే పనికి పనికిరాదు. చెవుల వెనక వచ్చే పట్టీకి లోపలివైపు ఇనుప బొడిపెలు ఉన్న హాల్టర్లు కూడా అమ్ముతారు. వాటిని కొనకండి.

తాడు హాల్టరు మీకు సరిపడకపోతే నేను చెప్పే రెండో దారి గొలుసు కాదు, కేవ్‌సన్. వలయంలో తిప్పడానికి వాడే, ముక్కుపట్టీ నడినెత్తిన రింగు ఉండే తోలు హాల్టరు ఇది. లాగుడు గడ్డం కింద కాకుండా ముక్కు ముందు నుంచి వస్తుంది కాబట్టి గుర్రం తల తిప్పడం చాలా తేటగా అర్థం చేసుకుంటుంది. ముక్కు మీది ఇనుప ముక్క కింద మందంగా మెత్త ఉండాలి, దవడ చుట్టూ వచ్చే అదనపు పట్టీ ఉండాలి. ఆ పట్టీ లేకపోతే కేవ్‌సన్ జారి కంట్లో పడుతుంది. కాన్పూరు తోలుపని వాళ్ళ దగ్గర మంచివి దొరుకుతాయి. దీన్ని ఎప్పుడూ గుంజకూడదు, ముక్కెముకకు దెబ్బ తగులుతుంది.

ఇప్పుడు కొలత. మార్వారీ ముఖం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెడీమేడ్ హాల్టర్లలో ‘ఫుల్’ సైజు తెస్తే ముక్కు దగ్గర వేలాడుతుంది, రెండేళ్ళ పిల్లకు సాధారణంగా దానికంటే చిన్నదైన ‘కాబ్’ దగ్గరగా సరిపోతుంది. అయినా టైలరు టేపుతో కొలవండి. కంటి కింద నుంచి ముక్కు వైపు గట్టులా దిగే చెంప ఎముకను వేలితో తడమండి. అది ముగిసే చోటికి రెండు వేళ్ళ కింద ముక్కుపట్టీ కూర్చోవాలి. అంతకు దిగువన ముక్కెముక సన్నబడి మొనదేలుతుంది, కింద ఆధారం ఉండదు, ఇంకా కిందికి పోతే మెత్తని ఎముకే. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కే దాని దారి. కిందికి జారిన పట్టీ నొప్పి పెట్టడమే కాదు, ఊపిరికీ అడ్డం వస్తుంది. గుర్రం గింజుకుంటే పొగరనుకుంటాం. పట్టీకీ ముఖానికీ మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరాలి, దవడ ఆడించి గడ్డి నమిలేంత చోటుండాలి. గొంతు దగ్గర వచ్చే తాడు గుండ్రటి దవడ ఎముకకు సరిగ్గా వెనక ఆనాలి. అక్కడ వదులైతే హాల్టరంతా తిరుగుతుంది. ఎదిగే పిల్ల కదా, నెలకోసారి మళ్ళీ చూడండి.

మార్వారీ చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతుంటాయి. వాటి మీదుగా పట్టీని లాగి తొడగకండి. చాలా గుర్రాలు తలను ముట్టనివ్వకపోవడానికి ఇదే మొదలు. తాడు హాల్టరును మెడ వెనక నుంచి తెచ్చి ఎడమ చెంప పక్కన కడతారు కాబట్టి చెవుల జోలికి పోనక్కర్లేదు. కట్టే పద్ధతి ఇదీ: పైతాడు కొసను ఎడమ లూపులోంచి వెనకవైపు నుంచి ముందుకు తియ్యండి. ఆ కొసను లూపు మెడ వెనకగా చుట్టి, తన కిందుగా తానే దూర్చి కిందికి బిగించండి. ముడి లూపు మీదే పడాలి. పైతాడు మీద ముడి వేస్తే జారి వదులవుతుంది, లేదా బిగుసుకుపోయి కోస్తే గానీ ఊడదు. మిగిలిన కొస గుర్రం తోకవైపు చూడాలి, కంటివైపు వస్తే కన్ను గీరుకుంటుంది.

కట్టేయడానికి మాత్రం తాడు హాల్టరు వాడకండి. అది తెగదు. గుర్రం బెదిరి వెనక్కు గుంజుకుంటే దాని బరువంతా చెవుల వెనక మెడ మొదట్లో పడుతుంది, అక్కడి ఎముక, కండ దెబ్బతింటాయి. మీ పాత నైలాన్ హాల్టరుకు ఇక్కడ పని ఉంది. గుంజ రింగుకు గోనె పురికొసతో చిన్న లూపు కట్టి, తాడును ఆ లూపుకు కట్టండి. నిజంగా ప్రమాదం వస్తే తెగాల్సింది ఆ పురికొసే. తల ఎత్తులో, సుమారు 60 సెంటీమీటర్ల తాడు వదిలి, ఒక్క లాగుడుకు ఊడే ముడి వెయ్యండి. మేతకు వదిలినప్పుడు ఏ హాల్టరూ ఉంచకండి. చెవి గోక్కునేటప్పుడు వెనక గిట్ట హాల్టరులో ఇరుక్కుంటే కాలు విరిగేదాకా గింజుకుంటుంది. ఇరవైనాలుగు గంటలూ ఉంచిన హాల్టరు కింద వెంట్రుకలు రాలి, పుండు మానాక తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. ఆ మచ్చ జీవితాంతం పోదు.

నేర్పడం మొదలుపెట్టేముందు గుర్రాన్ని ఉంచే తీరు చూడండి. రోజులో ఇరవై గంటలు లాయంలో కట్టి, పని లేకుండా బార్లీ, శనగలు, ఉలవలు బాగా పెడుతుంటే ఏ హాల్టరూ ఆ వేడిని మొయ్యలేదు. 300 కిలోల పిల్లకు రోజుకు 5 నుంచి 6 కిలోల ఎండుగడ్డి ప్రధాన ఆహారం కావాలి. ధాన్యాన్ని ఒక్కసారిగా మానెయ్యకుండా పది రోజుల్లో తగ్గించండి, ఎదుగుదలకు కావాల్సిన ఖనిజాల సంగతి పశువైద్యుణ్ణి అడగండి. ముందుగా ఓ అరగంట కంచెలో పరుగెత్తనిచ్చి, ఒళ్ళు దులుపుకున్నాక పాఠం మొదలుపెట్టండి. ముక్కుపట్టీ తగలగానే తల విదిలిస్తే పళ్ళు కూడా చూపించండి. దవడ పళ్ళ బయటి అంచులు పదునెక్కితే పట్టీ చెంపను వాటికి అదుముతుంది.

12 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న కంచెలో, తలకు హెల్మెట్, చేతికి తొడుగులతో మొదలుపెట్టండి. తాడును చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా పట్టుకోండి. మొదటి పాఠం నిలబడే చోటే. తాడును కాస్త కిందికి, రెండు వేళ్ళ బలంతో పట్టి ఊరికే ఉండండి. అది తల పైకి లాగుతుంది, పక్కకు తిప్పుతుంది. మీరు పెంచవద్దు, తగ్గించవద్దు. ఒక సెంటీమీటరైనా తల దించిన క్షణంలో, అర సెకను కూడా ఆలస్యం కాకుండా వదిలెయ్యండి. రెండు సెకన్లు ఆలస్యమైతే అది అప్పటికి చేస్తున్న ఇంకేదో పనికి జీతం ఇచ్చినట్టవుతుంది. తర్వాత అదే తీరులో తల ఎడమకు, కుడికి. ఆ తర్వాతే అడుగు. ముందు నిలబడి ముఖానికి ఎదురుగా లాగితే కదలదు, 45 డిగ్రీల పక్కగా అడగండి. ముంగాలి బరువు మారగానే వదలండి. కదలకపోతే లాగుడు పెంచకుండా, 110 సెంటీమీటర్ల పొడవు బెత్తంతో మీ వీపు వెనకగా దాని పొట్ట పక్కన తట్టండి.

నడిచేటప్పుడు మీరు తలకూ భుజానికీ మధ్య, ఒక చెయ్యి దూరంలో ఉండాలి. ఐదడుగులు, ఆగడం, ఒక అడుగు వెనక్కు, మళ్ళీ ఐదడుగులు. ఆగేటప్పుడు ముందు మీరు ఆగండి, తర్వాత తాడు తగలనివ్వండి. రెండో రోజుకే చాలా పిల్లలు మీ అడుగు చూసి ఆగుతాయి. కుడివైపు నుంచి కూడా అన్నీ మళ్ళీ నేర్పాలి, గుర్రం ఒక వైపు నేర్చింది రెండో వైపుకు పూర్తిగా మోసుకుపోదు. పూటకు పది నిమిషాలు, రోజుకు రెండు పూటలు చాలు. ఎండకు ముందే ముగించండి.

ముందుకు దూసుకుపోయినప్పుడు దాని వెనక నిలబడి సూటిగా లాగడమే మీ చెయ్యి కాలడానికి అసలు కారణం. మెడ నిటారుగా ఉన్న గుర్రానికి ఒళ్ళంతా బలమే. రెండడుగులు పక్కకు జరిగి, దాని భుజం దగ్గరగా నిలబడి, ముక్కును మీ వైపు తిప్పండి. మెడ వంగితే వెనక కాళ్ళు అడ్డంగా వెయ్యక తప్పదు, తోసే బలం పోతుంది. తిరిగి నిలబడగానే తాడు వదులు. కోణం తప్పి అది అప్పటికే ముందుకెళ్ళిపోతే కంచెలో ఉన్నారు కాబట్టి తాడు వదిలెయ్యండి. ముంగాళ్ళు లేపితే లాగొద్దు, మీ మీదకే వాలుతుంది. తాడు వదులు చేసి పక్కకు జరిగి, కాళ్ళు నేలకు దిగిన వెంటనే ముందుకు నడిపించండి. భుజంతో నెట్టడం వేరు. అది మీ చోటు లాక్కోవడం. నెట్టగానే మీరు జరిగితే అది గెలిచినట్టే లెక్క. బెత్తం పిడితో భుజం మీద తట్టి దాన్నే ఒక అడుగు అవతలికి జరపండి.

మగపిల్ల కనుక చెయ్యి కొరకడం మొదలైతే చేత్తో బెల్లం, క్యారెట్టు పెట్టడం ఆపండి, తొట్టెలో వెయ్యండి. పొరుగున ఆడగుర్రాలుండి, దీనితో పిల్లలు తీయించే ఉద్దేశం మీకు లేకపోతే బీజాలు తీయించడం గురించి పశువైద్యుడితో ఇప్పుడే మాట్లాడండి. ఏడాది ఆగితే పోతుగుర్రం అలవాట్లు గట్టిపడతాయి.

కంచెలో రెండు వైపుల నుంచీ, తాడు వేలాడుతుండగా, పది ఆగుళ్ళలో పదీ ఆగేదాకా గేటు తెరవకండి. మొదటిసారి బయటికి పోయేటప్పుడు లాయం నుంచి గేటు దాకానే వెళ్ళి వెనక్కు రండి, గేటు దగ్గర అది ఎదురుచూడకుండా లాక్కుంటే అక్కడే వెనక్కు మూడడుగులు వేయించి మళ్ళీ అడగండి. రోడ్డు మీదికి తీసుకెళ్ళే మొదటి వారం ఇంకో పెద్ద, నిదానమైన గుర్రం ముందు నడుస్తుంటే చాలా తేలిక. అది లేకపోతే తెల్లవారుజామున, ట్రాక్టర్లు బయటికి రాకముందు వెళ్ళండి.